'గెన్షిన్ ఇంపాక్ట్' ఆడదగిన ఆటేనా? – తెలుగు అద్భుతకథా సంప్రదాయం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అంతర్జాలంలో విశేషాదరణ పొందిన అద్భుతకథా పాత్రధారణ క్రీడ 'గెన్షిన్ ఇంపాక్ట్'. దీన్ని ఆడడం వల్ల ఆటగాడికి దక్కేదేమిటి, అతడు చెల్లించేదేమిటి అన్నవి ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్నలు. కాశీమజిలీ కథలు, చిందు యక్షగానం, నలోపాఖ్యానం, వైకుంఠపాళి వంటి తెలుగు వారికి పరిచితమైన కథా, క్రీడా రూపాలతో పోల్చి ఈ ఆటలోని కథననిర్మాణాన్ని, పాత్రధారణను, అదృష్టవ్యవస్థను పరిశీలించడం జరిగింది. కాలానికి విలువ కట్టే కొలమానంగా నిజామాబాద్ జిల్లా వేల్పూర్ ప్రాంతపు పసుపు సాగును, 2001లో అక్కడ సాగిన బాలకార్మిక విముక్తి ఉద్యమాన్ని స్వీకరించడమైనది. ఆటలోని కావ్యభాగం ఆస్వాదయోగ్యమనీ, దినచర్యాభాగం ఆ ఆస్వాదాన్నే హరిస్తుందనీ ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: పాత్రధారణ క్రీడ, అద్భుతరసం, మజిలీ కథనం, వేషం, అక్షహృదయం, వైకుంఠపాళి, వేల్పూర్, బాల్యకాలం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్యానికి ఆట కొత్త వస్తువు కాదు. వినుకొండ వల్లభరాయని 'క్రీడాభిరామం' ఓరుగల్లు నగర వినోదాలను కావ్యవస్తువుగా చేసుకుంది. భారతకథ మలుపు తిరిగింది జూదసభలోనే. ఆటను కథలో భాగంగా చూడడం మనకు అలవాటే. కథ మొత్తం ఆటలో భాగమైనప్పుడు దాన్ని ఏ ప్రమాణంతో పరిశీలించాలన్నది నేటి విమర్శ ముందున్న ప్రశ్న.

షాంఘై కేంద్రంగా పనిచేసే మిహోయో సంస్థ 2020 సెప్టెంబరు 28న 'గెన్షిన్ ఇంపాక్ట్'ను విడుదల చేసింది. అదే నెల 2న భారత ప్రభుత్వం పబ్జీ మొబైల్ సహా 118 యాప్‌లను నిషేధించింది. చేతిఫోనులో ఆటంటే తుపాకుల పోరేనన్న భావన బలంగా ఉన్న రోజుల్లో వచ్చిన ఈ ఆటలో కొండలు, అడవులు, దేవతలు, శాపాలు, మరచిపోయిన పురాతన రాజ్యాలు ఉన్నాయి. ప్రవేశరుసుము లేదు.

ఇటువంటి ఆట ఆడదగినదా అని అడిగితే సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. పెద్దలు కాలం వృథా అంటారు. ఆడేవారు ఎంత అందంగా ఉందో చూడమంటారు. మొదటి సమాధానం ఆటను చూడకుండా చెప్పేది, రెండోది లెక్క చూడకుండా చెప్పేది. ఆటనూ లెక్కనూ కలిపి చూడడం విమర్శకుని బాధ్యత.

ఈ పరిశీలనకు వేల్పూర్‌ను ఆధారభూమిగా తీసుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఆర్మూర్ ప్రాంతంలోని ఈ పసుపు మండలంలో కాలాన్ని పంటతో కొలుస్తారు. పైగా పిల్లల కాలం ఎవరికి చెందాలన్న ప్రశ్నను ఒక ప్రాంతమంతా కలిసి బహిరంగంగా తేల్చుకున్న చరిత్ర ఈ మండలానికి ఉంది.

2. క్రీడనీయకం – విమర్శ ప్రమాణం:

నాట్యం పుట్టుకను వివరించే సందర్భంలో నాట్యశాస్త్రం ఒక ముఖ్యమైన మాట వాడింది. దేవతలు బ్రహ్మను కోరింది కంటికీ చెవికీ ఇంపైన ఒక 'క్రీడనీయకం', అంటే ఆటవస్తువు. మన కావ్యశాస్త్రానికి మూలమైన గ్రంథమే నాటకాన్ని ఆటవస్తువుగా పరిచయం చేసిందన్నమాట. కాబట్టి దృశ్యం, శ్రవ్యం, కథ కలిసిన ఒక ఆటను రసదృష్టితో పరిశీలించడం శాస్త్రవిరుద్ధం కాదు.

పాశ్చాత్య క్రీడామీమాంసలో యొహాన్ హుయిజింగా 1938లో వెలువరించిన 'హోమో లూడెన్స్' ఆటను సంస్కృతికి మూలంగా ప్రతిపాదించింది. ఫ్రెంచి పండితుడు రోజె కైవా 1958లో ఆటలను పోటీ, అదృష్టం, అనుకరణ, తల తిరిగే మైకం అని నాలుగు తెగలుగా విభజించాడు. 'గెన్షిన్ ఇంపాక్ట్'లో అనుకరణ, అదృష్టం అన్న రెండు తెగలు కలిసి ఉన్నాయి. పాత్రధారణ అనుకరణకు చెందింది. ఆ పాత్ర చేతికి రావడం మాత్రం అదృష్టానికి చెందింది. ఆటలోని బలమూ బలహీనతా ఈ రెండింటి కలయికలోనే ఉన్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. ఆ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అయితే వైద్యుని ప్రమాణం వేరు, విమర్శకుని ప్రమాణం వేరు. రోగం తెప్పించని ప్రతి గ్రంథమూ చదవదగినది కానట్లే, వ్యసనం కాని ప్రతి ఆటా ఆడదగినది కాజాలదు.

3. మజిలీల కథనం:

ఆటలో కథాస్థలం 'తేవత్' అనే కల్పితలోకం. అందులో ఏడు రాజ్యాలు, వాటికి ఏడుగురు అధిదేవతలు, ఏడు శక్తులు ఉంటాయి. లోకాలు తిరిగే కవలలైన అన్నాచెల్లెళ్లను ఒక అజ్ఞాతదేవత విడదీస్తుంది. ఆటగాడు వారిలో ఒకరిని ఎంచుకొని, రెండోవారి కోసం రాజ్యం తరువాత రాజ్యం వెదుకుతూ సాగుతాడు.

ఈ నిర్మాణం తెలుగు పాఠకునికి సుపరిచితం. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు'లో మణిసిద్ధుడు, గోపకుమారుడు కాశీకి నడుస్తారు. ప్రతి మజిలీలో గోపకుమారుడు ఒక వింతను చూసి ప్రశ్నిస్తాడు. ఆ ప్రశ్నకు జవాబే ఒక కథ. గమ్యం ఒకటే అయినా రుచి మజిలీల్లో ఉంటుంది. 'గెన్షిన్ ఇంపాక్ట్'లో యాత్రికుని వెంట తిరిగే 'పైమాన్' అనే చిన్న ప్రాణి గోపకుమారుని పనే చేస్తుంది. వింతను చూస్తుంది, అడుగుతుంది, ఆకలంటుంది, విసుక్కుంటుంది. కథ దాని కుతూహలం మీద నడుస్తుంది.

భేదం ముగింపులో ఉంది. కాశీమజిలీ కథల్లో మజిలీలు ఎన్ని పెరిగినా కాశీ ఉందన్న నమ్మకం పాఠకునికి ఉంటుంది. ఈ ఆట వాయిదాల మీద పెరుగుతూ వచ్చింది. సుమారు ఆరు వారాలకొక కొత్త కూర్పు, దాదాపు ఏడాదికొక కొత్త రాజ్యం చొప్పున కథ విస్తరించింది. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల కోసం నెలంతా ఎదురుచూసిన పాఠకులకు ఈ నిరీక్షణ కొత్త కాదు. అయితే ఆ నిరీక్షణ నెలకొకసారి తెరుచుకొని మూసుకునేది, మధ్యలో పాఠకుని రోజును అడగలేదు. ఈ ఆట నిరీక్షణాకాలాన్ని కూడా తన పనులతో నింపుతుంది.

4. ఆరణ్యక: పేర్లు వచ్చాయి, భాష రాలేదు:

2022 ఆగస్టులో ఆటలోకి 'సుమేరు' రాజ్యం వచ్చింది. పురాణాల్లోని మేరుపర్వతాన్ని గుర్తుచేసే ఈ పేరు కింద భారతీయ, పారసీక, అరబ్బు, ఈజిప్టు సంస్కృతుల ఛాయలను ఒకే రాజ్యంగా కలిపారు. సగం వర్షారణ్యం, సగం ఎడారి. ఇన్ని సంస్కృతులను కలగాపులగం చేశారనీ, అక్కడి పాత్రలకు సైతం ఎక్కువగా తెల్లని మేనిఛాయనే ఇచ్చారనీ అప్పట్లో ఆటగాళ్ల నుంచే విమర్శలు వచ్చాయి. ఆ విమర్శ సమంజసమైనదే.

అయినా ఆ రాజ్యంలోని 'ఆరణ్యక' అనే కథామాలికను తేలికగా తీసివేయడానికి వీల్లేదు. అడవిలో 'అరనారలు' అనే చిన్న వనప్రాణులుంటాయి. వాటి పేర్లు అరమ, అరపాండు వంటివి. పిల్లలు వాటిని చూడగలరు, పెద్దయ్యాక మరచిపోతారు. వాటి మంత్రశక్తికి మూలం జ్ఞాపకం. అరనార తన శక్తిని ధారపోస్తే ఆ మేరకు జ్ఞాపకాన్ని కోల్పోతుంది. ఒకరిని కాపాడాలంటే వారితో గడిపిన కాలాన్నే వదులుకోవాలి. శక్తికి ఖరీదు స్మృతి అన్న ఈ భావన ఆటలోని కథాభాగాల్లో ఉత్తమమైనది. ఇక్కడ అద్భుతం కరుణలోకి జారుతుంది. విస్మయం స్థాయిగా మొదలైన కథ శోకం వైపు మళ్లే ఈ రససంక్రమణం ఆటలోని పోరాటదృశ్యాల్లో ఎక్కడా కనిపించదు.

ఈ కథామాలికలోని ఉపకథల పేర్లు 'అగ్నిహోత్ర సూత్ర', 'వరుణ గాథ', 'విమాన ఆగమ'. ఆరణ్యకం, సూత్రం, గాథ, ఆగమం అన్న మాటలు తెలుగు విద్యార్థికి తరగతిగదిలో వినిపించే మాటలే. కానీ వాటి చుట్టూ ఉన్న వాక్యాలు తెలుగులో లేవు. ఆటలోని సంభాషణలు చైనీయం, జపనీయం, కొరియన్, ఆంగ్ల భాషల్లో వినిపిస్తాయి. పాఠ్యరూపంలో థాయి, వియత్నామీ, ఇండోనేషియా, టర్కీ భాషలు సహా మరికొన్ని ఉన్నాయి. భారతీయ భాష ఒక్కటీ లేదు. 2011 జనగణన ప్రకారం దేశంలో 8.11 కోట్ల మంది మాతృభాష తెలుగు. ఆ భాషలో పెరిగిన పిల్లవాడు తనకు తెలిసిన 'అరణ్యం' అన్న మాటను ఆంగ్లవాక్యం మధ్యలో పరాయిమాటగా కలుసుకోవలసివస్తుంది.

దీని ప్రభావం ఆస్వాదం మీద నేరుగా పడుతుంది. 'ఆరణ్యక'లోని కరుణ మాటల్లో ఉంది, బొమ్మల్లో లేదు. ఆంగ్లం ధారాళంగా చదవలేని ఆటగాడు సంభాషణలను దాటవేస్తాడు. దాటవేస్తే మిగిలేది పరుగు, పోరు, పెట్టెలు తెరవడం. అంటే గ్రామీణ తెలుగు ఆటగాడికి అందేది ఆటలో తక్కువ విలువైన భాగం. ఒకే ఆట ఇద్దరికి రెండు ఆటలవుతుంది.

5. వేషం – పాత్రధారణ:

పాత్రధారణ క్రీడ అన్న పేరుకు తెలుగు పల్లెలో సమానమైన అనుభవం వేషం. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ ఎల్లమ్మ వేషంతోనే ఆ పేరు పొందిన యక్షగాన కళాకారిణి. చిందు యక్షగానంలో దేవతావేషం కట్టిన వారిని ప్రేక్షకులు దేవతగానే భావించి మొక్కడం ఉంది. అక్కడ వేషానికి నిష్ఠ కావాలి. ఆ పాత్ర మాట, నడక, కోపం, వరం అన్నీ వేషధారి బాధ్యత. వేషం కట్టినవారు పాత్రకు కట్టుబడతారు.

'గెన్షిన్ ఇంపాక్ట్'లో ఆటగాడు ఒకేసారి నాలుగు పాత్రలను జట్టుగా ఉంచుకొని ఒక్క తాకుడుతో ఒకరి నుంచి మరొకరికి మారతాడు. మారేది ఆయుధం, శక్తి. స్వభావం మారదు. కథలోని యాత్రికుడు దాదాపు మౌని. అతని తరఫున పైమానే మాట్లాడుతుంది. అక్కడక్కడ ఎంచుకోమని రెండు జవాబులు చూపినా ఏది ఎంచుకున్నా కథ సాధారణంగా ఒకే దారిన సాగుతుంది. 2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3' వంటి పాత్రధారణ క్రీడల్లో ఆటగాని నిర్ణయం వల్ల పాత్రల బతుకూ చావూ మారిపోతాయి. ఆ కొలతతో చూస్తే 'గెన్షిన్ ఇంపాక్ట్'లో పాత్రసేకరణ ఉందే తప్ప పాత్రధారణ పలుచన.

'పాతాళభైరవి' (1951) కథానాయకుడు తోటరాముడు తోటమాలి కొడుకు. అతనికి పాతాళభైరవి దక్కింది సాహసం వల్ల, సమయానికి తోచిన తెలివి వల్ల. తెలుగు జానపదకథలో శక్తి సాహసానికి ఫలం. ఈ ఆటలో శక్తి చాలావరకు సేకరణకు, పునరావృత్తికి ఫలం. ఇది ఆట నీతిలోనే ఉన్న మౌలికభేదం.

6. రోజు లెక్క – పంట లెక్క:

ఆటలో కోరుకున్న పాత్రను పొందాలంటే 'కోరిక' అనే చీటీ తీయాలి. ఒక చీటీకి 160 ఆదిమణులు ఖర్చవుతాయి. ఐదు నక్షత్రాల పాత్ర వచ్చే మూల సంభావ్యత 0.6 శాతం. 90 చీటీల్లోపు ఒకటి తప్పక వస్తుందన్న హామీ ఉంది. ప్రతిరోజూ నాలుగు చిన్న పనులు పూర్తిచేస్తే దొరికేవి 60 మణులు. దినచర్యనే నమ్ముకున్న ఆటగాడికి ఒక చీటీకి రెండు రోజుల పదహారు గంటలు, 90 చీటీలకు 240 రోజులు పడుతుంది. వచ్చిన పాత్ర కోరుకున్నదే కాకపోతే, తరువాతిసారి అది తప్పక రావడానికి మరో 90 చీటీల వరకు తీయవలసి రావచ్చు. ఉత్సవాలు, పెట్టెలు, సవాళ్ల ద్వారా అదనపు మణులు వస్తాయి కాబట్టి ఆచరణలో ఈ గడువు తగ్గుతుంది. లెక్క స్వభావం మాత్రం మారదు.

240 రోజులంటే ఎనిమిది నెలలు. వేల్పూర్ చుట్టుపక్కల పసుపు భూమిలో ఉండే కాలం కూడా దాదాపు అంతే. తొలకరికి విత్తనం వేస్తే సంక్రాంతి దాటాక తవ్వకం మొదలవుతుంది. ఆపై ఉడకబెట్టడం, ఆరబెట్టడం, మెరుగుపట్టడం, నిజామాబాద్ మార్కెట్టుకు చేర్చడం. ఈ పోలిక ఉద్దేశం ఆటను పంటతో సమానం చేయడం కాదు. రైతు ఎనిమిది నెలల చివర కొమ్ము చేతిలో పట్టుకుంటాడు. ధర దక్కకపోయినా సరుకు అతనిదే. ఆటగాడు పొందిన పాత్ర సంస్థ సర్వరులో ఉంటుంది. సేవ నిలిపివేసిన రోజున అది ఉండదు.

ఆట పక్షాన ఒక మాట చెప్పవలసి ఉంది. పాత్రల బలం పెంచే బహుమతులు తీసుకోవడానికి 'రెసిన్' అనే బంక కావాలి. అది ఎనిమిది నిమిషాలకు ఒకటి చొప్పున ఊరుతుంది. నిల్వ పరిమితి తొలుత 160, 2024లో 200 చేశారు. రెసిన్ అయిపోతే ఆ తరహా పని ఆగిపోతుంది. ఇది అతిగా ఆడకుండా నిలిపే కట్టుగానూ పనిచేస్తుంది. కానీ 160 నిండడానికి పట్టేది 21 గంటల 20 నిమిషాలు. ఒక రోజంతా ఆటవైపు చూడనివాడికి ఊరవలసింది ఊరకుండా పోతుంది. పరిమితిని 200కు పెంచడంతో గడువు 26 గంటల 40 నిమిషాలైంది. కట్టు కొంత సడలింది, రోజూ రమ్మనే పిలుపు పోలేదు.

అద్భుతరసానికి స్థాయి విస్మయం. ముందెన్నడూ చూడనిదాన్ని చూడడం వల్ల అది పుడుతుంది. అదే గుహ, అదే రాక్షసుడు, అదే పని నూరోసారి ఎదురైనప్పుడు విస్మయం ఉండదు. ఆటలోని కొండలు అద్భుతాన్ని పుట్టిస్తే దినచర్య దాన్ని కొలువుగా మారుస్తుంది. ఆటలోని ప్రధానమైన రసభంగం ఇదే.

7. పాచిక – అక్షహృదయం:

వైకుంఠపాళిలో గవ్వ అందరికీ ఒకటే. దొర ఇంటి పిల్లవాడికీ పాలేరు ఇంటి పిల్లవాడికీ పాము మింగే గడి ఒకటే. అదృష్టం ముందు అందరూ సమానులు కావడమే ఆ ఆటలోని న్యాయం. 'గెన్షిన్ ఇంపాక్ట్'లో అదృష్టం అందరికీ తెరిచి ఉన్నా దాన్ని ఎన్నిసార్లు పరీక్షించుకోవచ్చన్నది డబ్బును బట్టి ఉంటుంది. గవ్వలు మళ్లీ వేసే హక్కును కొనుక్కోగలిగిన వైకుంఠపాళిని ఊహిస్తే ఈ వ్యవస్థ అర్థమవుతుంది.

కొనుగోలు కూడా నేరుగా జరగదు. రూపాయలు స్ఫటికాలవుతాయి, స్ఫటికాలు మణులవుతాయి, మణులు చీటీలవుతాయి. మూడు అంచెలు దాటాక ఒక పాత్రకు ఎంత ఖర్చయిందో ఆటగాడికి తోచదు. ఈ అంశం మీదే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. 2025 జనవరిలో ఆ ఆట పంపిణీసంస్థ 2 కోట్ల డాలర్లు చెల్లించడానికీ, తల్లిదండ్రుల అనుమతి లేకుండా 16 ఏళ్ల లోపువారికి ఇటువంటి చీటీలు అమ్మకుండా ఉండడానికీ అంగీకరించింది. భారతదేశంలో 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రధానంగా డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆటలను లక్ష్యం చేసుకుంది. ఈ ఆటలో గెలిచింది తిరిగి డబ్బు కాదు. కాబట్టి ఇక్కడ ఆటగాడికి చట్టం కన్నా ఎరుకే ముందు అండ.

ఆ ఎరుకకు మన వాఙ్మయంలో పేరుంది. నలోపాఖ్యానంలో పాచికలకు రాజ్యం ఓడిన నలునికి ఋతుపర్ణుడు అక్షహృదయాన్ని ఉపదేశిస్తాడు. పాచికల మర్మం తెలియడంతో నలునికి విముక్తి మొదలవుతుంది. జూదంలో ఓడి అరణ్యంలో ఉన్న ధర్మరాజుకు ఆ కథను బృహదశ్వుడు చెప్పడంలోని ఔచిత్యం గమనార్హం. నేడు 0.6 శాతం, 90, 160, 60 అన్న సంఖ్యల అర్థం తెలిసినవాడు అక్షహృదయం తెలిసినవాడు. ఆ సంఖ్యలు ఆటలోనే కనిపిస్తాయి. వాటిని కలిపి చదవడం మాత్రం ఆట నేర్పదు.

8. పిల్లల కాలం ఎవరిది?

2001లో నాటి జిల్లా కలెక్టర్ జి. అశోక్ కుమార్ హయాంలో వేల్పూర్ మండలంలో బాలకార్మిక నిర్మూలన ఉద్యమం సాగింది. పనిలో ఉన్న పిల్లలను బడిలో చేర్చారు. వారి తల్లిదండ్రులకిచ్చిన అప్పులను యజమానులు వదులుకున్నారు. అదే ఏడాది అక్టోబరు 2న వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. ఆ ఉద్యమం సారం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: పిల్లల పగలు ఎవరి అప్పుకూ తాకట్టు కాదు.

ఆటను బాలకార్మికత్వంతో సమానం చేయడం అన్యాయం. ఆటలో దెబ్బ లేదు, ఆకలి లేదు, మానుకునే స్వేచ్ఛ ఉంది. అయినా ఒక ప్రశ్న రెండింటికీ వర్తిస్తుంది. పిల్లవాడు ఈ రోజు ఏం చేయాలన్నది నిర్ణయించేది ఎవరు? నిన్న వదిలిన పని వల్ల ఈ రోజు నష్టం వచ్చిందన్న భావన, గడువులోపు రాకపోతే పాత్ర వెళ్లిపోతుందన్న తొందర అతణ్ణి నడిపిస్తే అతడు ఆడుతున్నట్లు కాదు. ఆటకు లక్షణం మానుకోగలగడం. మానుకుంటే నష్టం వస్తుందనిపించిన క్షణంలో ఆట పనిగా మారుతుంది. పగటిని బడికి తెచ్చుకున్న ఊరు సాయంత్రాన్ని గురించి కూడా ఆలోచించడం ఆ ఉద్యమానికి సహజమైన కొనసాగింపు.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• 'గెన్షిన్ ఇంపాక్ట్' మజిలీ కథాసంప్రదాయానికి సన్నిహితమైన నిర్మాణం కలిగిన దృశ్యశ్రవ్య క్రీడ. 'ఆరణ్యక' వంటి భాగాల్లో అది అద్భుతం నుంచి కరుణకు చేరే రసస్థాయిని అందుకుంది.

• భారతీయ భాషల్లో పాఠ్యం లేకపోవడం వల్ల ఆ ఉత్తమభాగం సాధారణ తెలుగు ఆటగాడికి పూర్తిగా అందదు.

• పాత్రసేకరణకు ఉన్న ప్రాధాన్యం పాత్రధారణకు లేదు. వేషంలోని నిష్ఠ ఇందులో కనిపించదు.

• దినచర్యగా చేసే పనులు అద్భుతరసానికి భంగకరాలు. దినచర్య మీదే ఆధారపడితే ఒక పాత్రకు ఒక పసుపు పంటకాలం ఖర్చు కావచ్చు.

• ప్రధానకథకు, లోకసంచారానికి డబ్బు అవసరం లేదు. చీటీలు తీయకుండానే వాటిని ఆస్వాదించవచ్చు.

కాబట్టి అడిగిన ప్రశ్నకు జవాబు అవునే, కానీ అది ఆడే విధానాన్ని బట్టి నిలిచే అవును. గ్రంథం చదివినట్లు కొత్త భాగం వచ్చినప్పుడు తెరిచి, కథ పూర్తికాగానే మూసివేయగలవారికి ఇది ఆడదగిన ఆట. రోజూ హాజరు వేయించుకునే కొలువుగా, చీటీల కోసం ఎదురుచూసే జూదంగా ఆడేవారికి ఆడదగినది కాదు. పదహారేళ్ల లోపువారి విషయంలో చీటీల కొనుగోలును పెద్దలు పూర్తిగా మూసివేయడం అవసరం. తెలుగు అధ్యాపకులకు ఇందులో ఒక పని కూడా ఉంది. తరగతిలో నలోపాఖ్యానం చెప్పేటప్పుడు అక్షహృదయం అంటే పాతకాలపు పాచికల విద్య మాత్రమే కాదని, విద్యార్థి చేతిలోని ఫోనులో ఈ రోజు తిరుగుతున్న పాచికకు కూడా అదే పేరు చెల్లుతుందని వివరించవచ్చు.